పెరటి మొక్కల ఆకు తెగుళ్ళు – గుర్తించే విధానం

అమెరికాలోని తెలుగువారి పెరళ్ళలో టమాటా, సొర, కరివేపాకు తరచుగా కనిపించే మొక్కలు. ఆకు పసుపురంగుకు తిరగగానే మందు చల్లడం చాలామందికి అలవాటు. అయితే ఆకు రంగు మారడానికి కారణాలు అనేకం. కారణం తెలియక చల్లిన మందు వృథా. మార్పు లేత ఆకుపై మొదలైనదా, ముదురు ఆకుపైనా అన్నది ముందుగా గమనించాలి. ఆకు అడుగుభాగాన్ని కూడా తిప్పి చూడాలి.

టమాటాలో క్రింది ముదురు ఆకులపై గోధుమరంగు మచ్చలు, వాటిలో వలయాలు కనిపిస్తే అది శిలీంధ్రం వల్ల కలిగే ఆకుమాడు తెగులు. నేలలోని శిలీంధ్ర బీజాలు నీటి తుంపరలతో క్రింది ఆకులకు చేరుతాయి. అందుచేత తెగులు సోకిన ఆకులను తుంచి పారవేసి, మొక్క చుట్టూ ఎండుగడ్డి పరచి, నీటిని ఆకులపై గాక మొదట్లో పోయాలి.

సొర, గుమ్మడి ఆకులపై పిండి చల్లినట్లు తెల్లని పొడి కనిపిస్తే అది బూడిద తెగులు. ఇది ఆకు తడవకపోయినా వ్యాపిస్తుంది. తీగెల మధ్య గాలి, వెలుతురు ప్రసరించేటట్లు చూడాలి.

లేత ఆకులు పసుపుపచ్చనై, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది సాధారణంగా ఇనుము లోపం. ముదురు ఆకులు ముందుగా, సమంగా పాలిపోతే నత్రజని లోపం కావచ్చును. చలికాలంలో కరివేపాకు ఆకు రాల్చడం సహజమే. అప్పుడు నీరు ఎక్కువ పోస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి.

కరివేపాకు విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ఆసియా సిట్రస్ సైలిడ్ అనే 3, 4 మిల్లీమీటర్ల పురుగు దీని లేత చిగుళ్ళపై పెరుగుతుంది. పెద్ద పురుగు తల వంచి, వెనుకభాగం పైకెత్తి కూర్చుంటుంది. పిల్ల పురుగులు తెల్లని మైనపు పోగులను విసర్జిస్తాయి. నారింజ, నిమ్మ చెట్లకు గ్రీనింగ్ అనే బాక్టీరియా తెగులును వ్యాపింపజేసేది ఈ పురుగే. ఆ తెగులు సోకిన ఆకుపై నడిమి ఈనెకు రెండు వైపులా పసుపు మచ్చలు ఒకే తీరుగా ఉండవు. కాయలు వంకరై చేదెక్కుతాయి. ఈ తెగులు 2005లో ఫ్లోరిడాలోను, 2012లో కాలిఫోర్నియాలోను బయటపడింది. సోకిన చెట్టును నయం చేసే మందు లేదు.

స్నేహితులకు కరివేపాకు మొక్క పంచిపెట్టడం తెలుగువారి ఆనవాయితీ. ఆ ప్రీతితో పాటు పురుగు కూడా చేరితే పొరుగువారి నారింజచెట్టుకు ముప్పు. ఆంక్షలున్న ప్రాంతాల నుండి మొక్కను గాని, రెమ్మను గాని తరలించరాదు. చిగుళ్ళపై అనుమానం కలిగితే రాష్ట్ర వ్యవసాయశాఖకు తెలియజేయడం మేలు.