ఆగిపోయిన పాడ్‌కాస్ట్‌తో మొదలుపెట్టండి

ఫోన్ చేతిలోకి తీసుకోండి. పాడ్‌కాస్ట్ యాప్ తెరవండి. డేటా సైన్స్, మెషిన్ లెర్నింగ్ పేరుతో ఎన్ని సబ్‌స్క్రైబ్ చేసి పెట్టుకున్నారో లెక్కపెట్టండి. వాటిలో ఎన్ని చివరిదాకా విన్నారో అదీ లెక్కపెట్టండి.

రెండో లెక్క దగ్గర నవ్వొచ్చిందా? పర్లేదు. ఒకప్పుడు నా లెక్క 23కి సున్నా.

ఈ రంగంలోకి రావాలని గట్టిగా అనుకున్న రోజు నేను చేసిన ఘనకార్యం అదే. దొరికిన ప్రతి "టాప్ టెన్" జాబితా పట్టుకుని వరసపెట్టి సబ్‌స్క్రైబ్ నొక్కేశాను. నాగోల్‌లో హైదరాబాద్ మెట్రో ఎక్కింది మొదలు రాయదుర్గంలో దిగేదాకా చెవుల్లో ఏదో ఒకటి మోగుతూనే ఉండేది. ఎంబెడింగ్ అనేవాళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ అనేవాళ్లు. అన్నీ తెలిసిపోతున్నట్టే ఉండేది. ఆరు నెలల తర్వాత ఒక ఇంటర్వ్యూలో కూర్చున్నాను. "ప్రెసిషన్‌కీ రికాల్‌కీ తేడా చెప్పండి" అన్నారు. నోరు తెరిచాను. మాట రాలేదు.

ఆ రెండు పదాలు అప్పటికి ఎన్నిసార్లు విన్నానో నాకే తెలీదు.

మీరు ఆ ఆరు నెలలు పోగొట్టుకోనక్కర్లేదు. అలవాటు మార్చుకుంటే చాలు. మీరు మార్చుకోగలరు. ఎలాగో చెబుతాను.

ముందు ఒక్కటి. అదీ ఆగిపోయినదే

మొదటి అడుగు కాస్త విచిత్రంగా అనిపిస్తుంది. కొత్త ఎపిసోడ్లు రావడం ఆగిపోయిన పాడ్‌కాస్ట్ ఒకటి ఎంచుకోండి.

నా ఓటు "లీనియర్ డైగ్రెషన్స్"కి. కేటీ మలోన్, బెన్ జాఫీ అనే ఇద్దరు నడిపారు. కేటీ పార్టికల్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేసి డేటా సైన్స్‌లోకి వచ్చిన మనిషి. బెన్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. ఆవిడ చెబుతుంది, అతను మధ్యలో ఆపి అడుగుతాడు. అతను అడిగేవన్నీ మనం అడగాలనుకుని సిగ్గుపడి మానేసిన ప్రశ్నలే. ఎపిసోడ్ సాధారణంగా అరగంట లోపే. 2020 జులైలో ఆపేశారు. పాతవన్నీ వినడానికి ఉన్నాయి.

ఆగిపోయినదే ఎందుకు? దానికి ఒక చివర ఉంది కాబట్టి. వారం వారం కొత్తది వచ్చి పడుతుంటే మీరు ఎప్పుడూ వెనకబడే ఉంటారు. "ఇంకా నలభై మిగిలాయి" అనే బెంగ ఒకటి. అయిపోయిన పాడ్‌కాస్ట్ మిమ్మల్ని తరమదు. మీరే దాన్ని పూర్తి చేస్తారు. ఒక పని పూర్తి చేసిన మనిషికి వచ్చే ధీమా వేరు. ఆ ధీమా మీకు కావాలి.

"పాతబడిపోయి ఉంటుంది కదా" అంటారా? లీనియర్ రిగ్రెషన్ వెనక ఉన్న లీస్ట్ స్క్వేర్స్ పద్ధతిని ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త లెజాండ్ర్ అచ్చువేసింది 1805లో. రెండు వందల ఏళ్లు దాటినా మీ ఆఫీసులో దాన్నే వాడుతున్నారు. పునాది అంత తొందరగా పాతబడదు. పాతబడేది న్యూస్. ఈ వారం ఏ కంపెనీ ఏ మోడల్ దింపిందో తెలియకపోతే మీకొచ్చే నష్టమేమీ లేదు. ఓవర్‌ఫిట్టింగ్ అంటే ఏంటో తెలియకపోతేనే ఇబ్బంది. అది మనకు కొత్త కూడా కాదు. పాత ప్రశ్నపత్రాలు బట్టీ పట్టి, పరీక్షలో ప్రశ్న కాస్త తిప్పి అడగ్గానే తెల్లమొహం వేసే కుర్రాడు ప్రతి క్లాసులోనూ ఉంటాడు. ట్రెయినింగ్ డేటాలో నూటికి నూరు, టెస్ట్ డేటాలో సున్నా. అదే ఓవర్‌ఫిట్టింగ్.

చాటలో రాళ్లు

ఇంటర్వ్యూ పోయాక వచ్చిన ఆదివారం జరిగింది చెప్పాలి. నా అలవాటు మారింది ఆ రోజే.

అమ్మ వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. నేను పక్కన చతికిలబడి, "అమ్మా, నేను విన్నదొకటి చెబుతా, అర్థమైందో లేదో చెప్పు" అన్నాను. "చెప్పరా, చేతులకేగా పని" అంది.

ఏం ఉదాహరణ చెప్పాలో తోచలేదు. ఎదురుగా చాట ఉంది.

"ఈ బియ్యంలో పది రాళ్లున్నాయనుకో. నువ్వు పన్నెండు ఏరి పక్కన పెట్టావు. అందులో ఎనిమిదే రాళ్లు, నాలుగు బియ్యపు గింజలే. ఉన్న పదిలో ఎనిమిది పట్టుకున్నావు. అది రికాల్, 80 శాతం. ఏరిన పన్నెండులో ఎనిమిదే అసలు రాళ్లు. అది ప్రెసిషన్, సుమారు 67 శాతం."

అమ్మ చెయ్యి ఆగలేదు. "నాలుగు గింజలు పోతే పోయాయిలే. మిగిలిన ఆ రెండు రాళ్ల సంగతి చూడు. మీ నాన్న పంటి కింద పడితే ఇల్లు పీకి పందిరేస్తారు" అంది.

నాకు గూస్‌బంప్స్. ఎందుకంటే ఆ ఇంటర్వ్యూలో వాళ్లు అడగబోయే రెండో ప్రశ్నకి జవాబు అదే. ఏ తప్పుకి ఖరీదెక్కువ? క్యాన్సర్ స్క్రీనింగ్‌లో ఒక్క కేసు జారిపోయినా ప్రాణం మీదికొస్తుంది. అక్కడ రికాల్ ముఖ్యం. స్పామ్ ఫిల్టర్ మీ ఆఫర్ లెటర్‌ని స్పామ్‌లో పడేస్తే కొంప మునుగుతుంది. అక్కడ ప్రెసిషన్ ముఖ్యం. అమ్మ ఏ పాడ్‌కాస్టూ వినలేదు. రోజూ అన్నం వండుతుంది, అంతే.

ఆ రోజు నుంచి నా రూల్ ఒక్కటే. విన్నది తెలుగులో ఒకరికి చెప్పలేకపోతే ఆ ఎపిసోడ్ విననట్టే లెక్క.

రేపటి నుంచి మీరు చేయాల్సింది

ప్లే నొక్కే ముందు ఒక ప్రశ్న రాసుకోండి. "ర్యాండమ్ ఫారెస్ట్‌లో ర్యాండమ్ ఏంటి?" ఇలాంటిది చాలు. ప్రశ్న ఉన్న చెవి వేరేగా వింటుంది.

పది నిమిషాలకోసారి ఆపండి. ఇప్పటిదాకా ఏం చెప్పారో ఒక్క వాక్యంలో మనసులో అనుకోండి. రాలేదా? వెనక్కి వెళ్లండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఎపిసోడ్ అయ్యాక ఒక నిమిషం వాయిస్ నోట్ పెట్టండి. ఎవరికీ పంపక్కర్లేదు. వాట్సాప్‌లో మీకు మీరే మెసేజ్ పెట్టుకునే వీలుంది కదా, అక్కడ పెట్టండి. తెలుగులోనే మాట్లాడండి. ఇంగ్లిష్‌లో అయితే విన్న పదాలే తిప్పి అప్పజెప్పేస్తాం. తెలుగులో చెప్పాలంటే అర్థమై తీరాలి. మోసం కుదరదు.

ఆ వాయిస్ నోట్ మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి వినండి. నేర్చుకున్నది ఎంత వేగంగా జారిపోతుందో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే పుస్తకం వేశాడు. మర్చిపోవడం మీ లోపం కాదు. మళ్లీ చూసుకోకపోవడం మాత్రం మీ తప్పే.

శని, ఆదివారాల్లో ఒక గంట లాప్‌టాప్ ముందు కూర్చోండి. కాగుల్ సైట్‌లో టైటానిక్ ప్రయాణికుల డేటా ఉంది. ట్రెయినింగ్ ఫైల్‌లో 891 వరుసలు, అంతే. ఆ వారం విన్నది ఏదైనా దాని మీద ప్రయత్నించండి. కోడ్ తప్పొస్తుంది. రానివ్వండి.

ఇంగ్లిష్ భయమా?

తెలుగు మీడియంలో చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "అన్నా, వాళ్ల యాక్సెంట్ పట్టుబడట్లేదు."

భాష రాకపోవడం వేరు, చెవికి అలవాటు లేకపోవడం వేరు. మీది రెండోది. స్పీడ్ 0.8కి తగ్గించండి. యాపిల్ పాడ్‌కాస్ట్స్‌లో 2024 నుంచి ఇంగ్లిష్ ఎపిసోడ్లకు ట్రాన్‌స్క్రిప్ట్ కనిపిస్తోంది. యూట్యూబ్‌లో ఉన్నవాటికి క్యాప్షన్స్ ఉంటాయి. మొదటి ఐదు ఎపిసోడ్లు చదువుతూ వినండి. తర్వాత చదవడం మానేయండి. ఒకే పాడ్‌కాస్ట్ పట్టుకోమన్నది ఇందుకు కూడా. రోజూ అవే రెండు గొంతులైతే చెవి తొందరగా దారికొస్తుంది.

ఒకటిన్నర స్పీడ్‌లో, రెండు స్పీడ్‌లో విన్నామని గొప్పలు చెప్పేవాళ్లుంటారు. వాళ్లని బయాస్, వేరియన్స్ గురించి రెండు ముక్కలు చెప్పమనండి. నేనూ రెండు స్పీడ్‌లోనే వినేవాణ్ని.

మొదటి పాడ్‌కాస్ట్ పూర్తయ్యాక

అప్పుడు రెండోది. మీ అవసరాన్ని బట్టి ఎంచుకోండి.

కాన్సెప్టులు ఇంకా గట్టిపడాలంటే "డేటా స్కెప్టిక్". కైల్ పోలిచ్ 2014లో మొదలుపెట్టాడు. తొలి ఏళ్ల మినీ ఎపిసోడ్లు వెతికి పట్టుకోండి. అతను భార్య లిన్ డాకి ఒక్కో కాన్సెప్టూ వివరిస్తుంటాడు. ఆవిడ ఈ రంగం మనిషి కాదు. వాళ్లింట్లో యోషి అని ఒక చిలుక. చాలాసార్లు ఉదాహరణ ఆ చిలుకే. మా అమ్మ చాటకి అమెరికా చుట్టం అన్నమాట. తర్వాతి కాలంలో ఒక్కో సీజన్‌కి ఒక్కో అంశం తీసుకున్నారు. టైమ్ సిరీస్‌కి ఒకటి, కె-మీన్స్‌కి ఒకటి.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకైతే "నాట్ సో స్టాండర్డ్ డీవియేషన్స్". 2015లో మొదలైంది. రోజర్ పెంగ్, హిలరీ పార్కర్ కబుర్లు చెప్పుకుంటారు. కోర్సెరాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్ల డేటా సైన్స్ కోర్సు చేసినవాళ్లకు పెంగ్ గొంతు గుర్తుండే ఉంటుంది. సోది ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ డేటా అనలిస్ట్ పనిదినం ఎలా గడుస్తుందో ఆ సోదిలోనే తెలుస్తుంది. మేనేజర్ అడిగిన ప్రశ్న ఒకటి, అతనికి నిజంగా కావాల్సింది ఇంకొకటి. ఈ తలనొప్పి గురించి ఏ కోర్సూ చెప్పదు.

రీసెర్చ్ వైపు వెళ్లాలనుకుంటే సామ్ చారింగ్టన్ 2016 నుంచి నడుపుతున్న "ట్విమ్ల్". ఎపిసోడ్లు 700 దాటాయి. అన్నీ వినే సాహసం చేయకండి, మీకు కావాల్సిన అంశం వెతుక్కుని వినండి. కెరీర్ కబుర్లకు "సూపర్ డేటా సైన్స్". కిరిల్ ఎరెమెంకో మొదలుపెడితే 2021 నుంచి జాన్ క్రోన్ నడుపుతున్నాడు.

ఇంకొకటి. ఇది మెషిన్ లెర్నింగ్ పాడ్‌కాస్టే కాదు. బీబీసీ రేడియో 4లో టిమ్ హార్ఫర్డ్ చేసే "మోర్ ఆర్ లెస్". పేపర్లలో, నాయకుల ప్రసంగాల్లో వచ్చే అంకెల్ని పట్టుకుని నిజమా కాదా అని తేలుస్తారు. 2001 నుంచి వస్తోంది. నన్నడిగితే ఈ జాబితా మొత్తంలో ఎవరైనా తప్పక వినాల్సింది ఇదే. అంకె కనబడగానే "ఎక్కణ్నుంచి వచ్చింది? దేంతో పోల్చారు?" అని అడిగే బుద్ధి లేనివాళ్లకు పైథాన్ ఎంతొచ్చినా ఏం లాభం?

ఆ బుద్ధి పాడ్‌కాస్టుల మీదా వాడండి. ఇంటర్వ్యూకి వచ్చే గెస్టుల్లో చాలామంది ఏదో కంపెనీ పెట్టినవాళ్లో, పుస్తకం వేసినవాళ్లో. తమ సరుకు తామే తక్కువ చేసి చెప్పుకుంటారా?

చెవితో కుదరనిది

ఒక మాట ముక్కుసూటిగా. పాడ్‌కాస్ట్ మీకు గణితం నేర్పదు. గ్రేడియంట్ డిసెంట్‌ని ఎంత బాగా వర్ణించినా, కాగితం మీద కొండ గీసి, అడుగు అడుగునా కిందికి దిగి చూసుకుంటే తప్ప ఎక్కదు. అలాంటివాటికి చెవులు పక్కన పెట్టి కళ్లు వాడండి. గ్రాంట్ శాండర్సన్ 2017లో త్రీ బ్లూ వన్ బ్రౌన్ ఛానల్‌లో న్యూరల్ నెట్‌వర్క్‌ల మీద పెట్టిన వీడియోలు చూడండి. చూశాక అదే అంశం మీద ఎపిసోడ్ వినండి. అప్పుడు ప్రతి మాటకీ మీ కళ్లముందు బొమ్మ కదులుతుంది.

స్టాటిస్టిక్స్ లోతుల్లోకి వెళ్లే ఎపిసోడ్లలో ఎప్పుడో ఒకసారి "క్రామర్-రావ్ బౌండ్" అన్న మాట మీ చెవిన పడుతుంది. అప్పుడు ఒక్క క్షణం ఆపండి. ఆ రావు మన రావే. కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. ఆ బౌండ్ ఉన్న పేపర్ అచ్చయిన 1945 నాటికి ఆయనకు పాతికేళ్లు. స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి 2023లో వచ్చింది, 102 ఏళ్ల వయసులో. విశాఖలో చదువుకున్న మనిషి పేరు అమెరికా పాడ్‌కాస్టులో వినబడుతుంటే మీకు యాక్సెంట్ భయమేంటి చెప్పండి?

ఇక పని మొదలుపెట్టండి. ఈ రాత్రి పడుకునే ముందు సబ్‌స్క్రిప్షన్లన్నీ తీసేయండి. ఒక్కటి ఉంచండి. మొదటి ఎపిసోడ్ డౌన్‌లోడ్ చేసి, ఒక ప్రశ్న రాసుకుని పడుకోండి. రేపు పొద్దున నాగోల్‌లో ప్లే నొక్కితే అమీర్‌పేట వచ్చేసరికి అయిపోతుంది. అక్కణ్నుంచి రాయదుర్గం దాకా వాయిస్ నోట్‌కి బోలెడు టైముంది.