టోకెన్ పోతే పోనీ

“పాతిక వేలు టోకెన్ కట్టేశానండీ, ఇప్పుడు వద్దనిపిస్తోంది, ఏం చేయమంటారు?” సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు గురించి సలహా అడిగేవాళ్లు చాలామంది ఇక్కడి నుంచే మొదలుపెడతారు. టోకెన్ కట్టకముందు అడిగేవాళ్లు తక్కువ. అప్పటికి బండి ఎర్రగా మెరుస్తుంటుంది, సైలెన్సర్ చప్పుడు గుండెల్లో మోగుతుంటుంది, అడగడానికి ఏమీ తోచదు.

ముందు ఆ పాతిక వేల సంగతి తేల్చేద్దాం. అది పోయిన డబ్బే అనుకోండి. తిరిగొస్తే సంతోషం. కొనాలా వద్దా అన్న లెక్కలోకి మాత్రం దాన్ని రానీయకండి. పాతిక వేలు దక్కించుకోవాలని తొమ్మిది లక్షల బండిని ఇంటికి తెచ్చుకుని, ఆర్నెల్లకే సెల్లార్‌లో కవరు కప్పి పెట్టేవాళ్లు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ అపార్ట్‌మెంట్లలోనూ ఉంటారు.

ఉద్యోగస్తుడి చేతికందే స్పోర్ట్స్ కారు అంటే పోర్షే కాదు. పోలో జీటీ, అబార్త్ పుంటో, కాస్త పైకెళ్తే స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, ఇంకా పైకెళ్తే వయసు మళ్లిన బీఎండబ్ల్యూ జడ్4. ఇవి ధర బాగా పడిపోయాకే మన దాకా వస్తాయి. పడేది బండి ధరే, విడిభాగాల ధర కాదు. పాతిక లక్షల కారు తొమ్మిదికి దొరికినా దాని టైర్లు, బ్రేకులు పాతిక లక్షల కారువే.

లోపం లేని పాత బండి ఉండదు. చూడాల్సింది అది డబ్బుతో తీరే లోపమా, ఎంత తగ్గించినా తీరనిదా అని. మొదటిదైతే బేరమాడండి. రెండోదైతే నమస్కారం పెట్టి బయటికి రండి.

డబ్బుతో తీరేదానికి ఉదాహరణ పోలో జీటీ టీఎస్ఐ. 2013లో వచ్చిన 1.2 లీటర్ మోడల్‌కు ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటుంది. దాని రెండు క్లచ్‌లూ డ్రై క్లచ్‌లు. ఖాళీ రోడ్డు మీద ఏ ఇబ్బందీ ఉండదు. మలక్‌పేట రైలు వంతెన కింద, చాదర్‌ఘాట్ దగ్గర, అంగుళం అంగుళం జరిగే ట్రాఫిక్‌లో మాత్రం అవి రాసుకుంటూ వేడెక్కుతూనే ఉంటాయి. అందుకే బండి అమ్మే కార్ల కన్సల్టెన్సీ ఆయన “పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ ఎక్కిద్దాం సార్, పికప్ చూద్దురుగాని” అంటే మర్యాదగా వద్దనండి. సాయంత్రం ఆరున్నరకు కొత్తపేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దాకా నడపండి. ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడు బండి వణికినా, ఆగి కదిలేటప్పుడు కుదుపు వచ్చినా, మీటర్‌లో గేరు అక్షరం మిణుకుమన్నా లోపల పని ఉందన్నమాట. మెకట్రానిక్ యూనిట్ మార్చాల్సి వస్తే బిల్లు లక్షకు పైమాటే. సర్వీస్ సెంటర్‌లో ఎస్టిమేట్ రాయించి, ఆ మొత్తం ధరలోంచి తీయమనండి. తీస్తే కొనుక్కోండి, తప్పేం లేదు. 2020లో వచ్చిన 1.0 లీటర్ టీఎస్ఐకి టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్ కాబట్టి దానికి ఈ క్లచ్‌ల బాధ లేదు.

అబార్త్ సంగతి వేరు. 2015లో షోరూం ధర పది లక్షల లోపు, 145 హార్స్‌పవర్. ఆ డబ్బుకు అంత ఇంజిన్ మన దేశంలో అరుదు. కానీ ఫియట్ ఇక్కడ కార్లు అమ్మడం మానేసి ఏళ్లయింది. ఆటోనగర్‌లో షాపు షాపూ తిరిగి పార్టులు వెతికే ఓపిక, ఆఫీసుకు వెళ్లడానికి ఇంకో బండి, రెండూ ఉన్నవాళ్లకే అది.

తీరని లోపాల్లో మన తూర్పు హైదరాబాద్‌లో మొదట చూడాల్సింది నీళ్లు. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునిగాయి. సెల్లార్లలో కార్లు మునిగాయి. ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ కింద తేల్చిన బండిని వేలంలో కొని, కడిగి, ఆరబెట్టి మళ్లీ అమ్మే వ్యాపారం దేశమంతటా ఉన్నదే. నేలకు దగ్గరగా కూర్చునే బండిలో నీళ్లు సీటు దాకా రావడానికి ఎంతోసేపు పట్టదు. ఆ ఎత్తులోనే వైరింగ్ కనెక్టర్లు, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ ఉంటాయి.

కాబట్టి బానెట్ కంటే ముందు సీటు బెల్టు చూడండి. చివరిదాకా లాగండి. పైన ఎంత శుభ్రం చేసినా రీల్ లోపల ఉండే ఆఖరి మూరెడు ముక్క మీద ఎండిన బురద గీత అలాగే ఉండిపోతుంది. తర్వాత సీటు వెనక్కి జరిపి పట్టాల బోల్టులకు తుప్పుందేమో చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి కింద చెయ్యి పెట్టండి. ఏసీ ఆపి, అద్దాలు ఎత్తి, పది నిమిషాలు లోపల కూర్చోండి. మల్లెపూల సెంటు ఘాటుగా కొట్టిందంటే దాని వెనక ఇంకో వాసన ఉండే అవకాశం ఎక్కువ.

ఇన్సూరెన్స్ కాగితం కూడా కొంత చెబుతుంది. అందులో నో క్లెయిమ్ బోనస్ శాతం ఉంటుంది. క్లెయిమ్ లేని ఏడాదికి 20, ఆపైన 25, 35, 45, చివరికి 50. మామూలుగా క్లెయిమ్ చేస్తే మళ్లీ సున్నా నుంచే. ఎనిమిదేళ్లుగా ఒకే ఓనర్ చేతిలో ఉన్న, “ఒక్క గీత కూడా పడని” బండి పాలసీలో 20 కనబడితే, ఎందుకని అడగండి. పాలసీ మధ్యలో లాప్స్ అయినా బోనస్ పోవచ్చు. జవాబులో తడబాటు ఉంటే మాత్రం లేచి రండి.

కాగితాల దగ్గర మనవాళ్లు ఎక్కువ దెబ్బతినేది ఢిల్లీ బండ్లతో. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు అక్కడ తిరగకూడదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించాక, ఆ వయసుకు దగ్గరపడిన జర్మన్ కార్లు చవగ్గా దక్షిణాదికి దిగాయి. ఏడాదికి మించి ఇక్కడ ఉంచితే ఇక్కడే రిజిస్టర్ చేయాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్‌కు మీ బేరం ధరతో పనిలేదు, బండి అసలు ధర, వయసు చూస్తారు. నంబర్ ప్లేటు కూడా జాగ్రత్తగా చూడండి. ఏపీ 29 మన రంగారెడ్డి పాత నంబరే. ఏపీ 39 అయితే విభజన తర్వాతది, పొరుగు రాష్ట్రం బండి. ఎన్‌ఓసీ చేతికి రాకుండా “వారంలో వచ్చేస్తుంది సార్” అనే మాట మీద డబ్బు కట్టకండి. ఆర్సీలో బ్యాంకు పేరు ఉండగానే ఖాళీ ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టిచ్చే బండి ఎంత చవకైనా వద్దు. ఇంజిన్ రీమ్యాప్ చేసి, సైలెన్సర్ మార్చిన బండి కూడా అంతే. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది, చలానా, ఇన్సూరెన్స్ తగాదా రెండూ కొత్త ఓనర్‌కే.

బండి అన్నిటా పాసైందనుకుందాం. ఇక మీ జీతం. చేతికి తొంభై వేలు వస్తుందనుకోండి. ఏడెనిమిదేళ్ల బండికి కారు లోన్ దొరకడం కష్టం కాబట్టి చాలామంది పర్సనల్ లోన్‌కు పోతారు. ఆరు లక్షలు, 13 శాతం, ఐదేళ్లు: నెలకు 13,650. మాదాపూర్‌కు రానూపోనూ అరవై కిలోమీటర్లు, వారానికి మూడు రోజులు, లీటరుకు పది: పెట్రోలుకు ఎనిమిది వేలు. ఇన్సూరెన్స్, టైర్లు, రిపేర్ల కోసం నెలనెలా ఎనిమిది వేలు పక్కన పెట్టకపోతే ఈ బండి నడవదు. మొత్తం ముప్ఫై వేలకు దగ్గర, జీతంలో మూడో వంతు. నన్నడిగితే నాలుగో వంతు దాటినప్పుడే వద్దంటాను. ప్రాజెక్టు పోయి బెంచ్ మీద కూర్చున్న నెలలోనూ ఆ కిస్తీ ఆగదు. జీతం తక్కువైనా పని నేర్చుకోవచ్చనిపించే కంపెనీ పిలిచినప్పుడు వెళ్లనివ్వదు. ఆన్‌సైట్ వస్తే బండిని రెండు వారాల్లో అయినకాడికి అమ్మాల్సిందే. (ఆ హడావుడిలో అమ్మేవాళ్ల దగ్గర కొనడమే మంచి బేరం, అది వేరే విషయం.)

వద్దనుకున్నాక నాన్చకండి, ఎదురుగా వెళ్లి వాదించకండి. వాట్సాప్‌లో రాయండి: “అన్నా, బండి చెక్ చేయించాను. సీటు బెల్టులో బురద, పట్టాలకు తుప్పు ఉన్నాయి, ఫొటోలు పంపుతున్నా. నేను తీసుకోవట్లేదు. టోకెన్ వాపస్ చేయండి.” టోకెన్ ఇచ్చేరోజే రసీదు మీద “చెకింగ్‌లో, కాగితాల్లో తేడా వస్తే తిరిగి ఇవ్వబడును” అని రాయించుకుని ఉంటే ఈ మెసేజ్‌కు బలం ఉంటుంది. ఇంకా కట్టనివాళ్లు ఆ ముక్క రాయించకుండా రూపాయి కూడా తీయకండి.

మర్నాడు ఫోన్ వస్తుంది. “సార్, ఇంకో యాభై తగ్గిస్తా, వచ్చేయండి” అంటాడు. గేర్‌బాక్స్ వల్ల వెనక్కి వచ్చి ఉంటే, ఎస్టిమేట్ కాగితం తీసి యాభై వేలు దానికి సరిపోతుందో లేదో చూడండి. నీళ్లో, కాగితాలో కారణమైతే లక్ష తగ్గించినా జవాబు అదే.