ఆసుపత్రి గేటు పంచాయితీకి పాలసీ పలకదు

న్యాయ సలహా

లారీ గుద్ది మనిషి పోతే ఏం చేయాలో మన కడప జిల్లాలో ఎవరిని అడిగినా చెబుతారు. "బండికి ఇన్సూరెన్సు ఉందా?" అన్నదే మొదటి మాట. అదే ఆపరేషన్ బల్ల మీద మనిషికి ఏదైనా అయితే ఆ మాట ఎవరి నోటా రాదు. ఊరి నుంచి జీపుల్లో చుట్టాలు దిగుతారు. గేటు దగ్గర జనం పోగవుతారు. ఒక పెద్దమనిషి మధ్యలోకి వస్తాడు. తెల్లవారేలోగా ఒక అంకె తెగుతుంది. "మాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు" అని రాసిన కాగితం మీద వేలిముద్ర పడుతుంది.

లారీకి ఉన్నట్టే చాలామంది సర్జన్లకూ ఇన్సూరెన్సు ఉంటుంది. కానీ గేటు పంచాయితీలో అది పైసా రాల్చదు. ఎందుకు రాల్చదో తెలిస్తే, ఆ రాత్రి ఏం చేయాలో, ఏం చేయకూడదో కూడా తెలుస్తుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు తరచుగా ఎదురయ్యే సందేహాలను మూడు ప్రశ్నలుగా కూర్చి జవాబులు ఇస్తున్నాం.

జమ్మలమడుగు వైపు నుంచి: "మా అమ్మకు ప్రొద్దుటూరులో ఒక నర్సింగ్ హోమ్‌లో గర్భసంచి ఆపరేషన్ చేయించినాం. వారం తిరక్కుండానే మూత్రం కారడం మొదలైంది. ముందు బాగా మాట్లాడే డాక్టరమ్మ ఇప్పుడు మొహం చాటేస్తాండాది. ఆమెకు ఇన్సూరెన్సు ఉందంట. నేరుగా ఆ కంపెనీ మీద కేసు వేయొచ్చునా సార్?"

నేరుగా కంపెనీ ఒక్కదాని మీదే వేస్తే నిలవదు. లారీ సంగతి వేరు. రోడ్డెక్కే బండికి థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది, ట్రిబ్యునల్ కంపెనీనే కట్టమంటుంది. డాక్టర్లకు అలాంటి నిర్బంధం దేశవ్యాప్త చట్టమేదీ పెట్టలేదు. 'ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ' అనే పాలసీని వాళ్లు ఇష్టపడి కొనుక్కుంటారు. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, నేషనల్, ఓరియంటల్ వంటి ప్రభుత్వరంగ కంపెనీలతోపాటు ప్రైవేటు కంపెనీలూ దాన్ని అమ్ముతున్నాయి. ఒప్పందం డాక్టరుకూ కంపెనీకీ మధ్య. కాబట్టి ఫిర్యాదు ముందు డాక్టరు మీద, ఆసుపత్రి మీద ఉండాలి. బీమా ఉందని తెలిస్తే కంపెనీని కూడా ప్రతివాదుల్లో చేర్చమని వకీలును అడగండి. తెలియకపోతే, పంపే లీగల్ నోటీసులోనే "మీకు ఇండెమ్నిటీ పాలసీ ఉందా, ఏ కంపెనీది, నంబరెంత?" అని ఒక పేరా రాయించండి.

డాక్టరమ్మ మౌనానికి కారణం కూడా పాలసీలోనే ఉండవచ్చు. ఇలాంటి పాలసీలన్నిటిలో మామూలుగా కనిపించే షరతు ఒకటుంది: కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోనిదే డాక్టరు తప్పు ఒప్పుకోకూడదు, డబ్బు ఇస్తాననకూడదు, ఇవ్వకూడదు. మీరి ఇస్తే కంపెనీ చేతులెత్తేయవచ్చు. అందుకే నిన్నటిదాకా నవ్వుతూ పలకరించిన మనిషి నోరు కట్టేసుకుంటారు. దాన్ని తప్పు చేసినట్టు రుజువుగా లెక్కించకండి, పొగరుగానూ అనుకోకండి. మీరు అడగాల్సింది క్షమాపణ కాదు, కాగితాలు.

పాలసీ గురించి ఇంకో మూడు సంగతులు తెలుసుకోండి. ఒకటి, ఇవి సాధారణంగా క్లెయిమ్ వచ్చిన రోజున అమల్లో ఉండాల్సిన పాలసీలు. ఆపరేషన్ నాడు పాలసీ ఉండి, మీ నోటీసు అందేనాటికి రెన్యువల్ లేకపోతే కంపెనీ తప్పుకుంటుంది. ఆలస్యం మీకే నష్టం. రెండు, ఒక్కో కేసుకు ఇంత, ఏడాది మొత్తానికి ఇంత అని హద్దు ఉంటుంది. మూడు, సర్జన్ సొంత పాలసీ సర్జన్‌కే. చిన్న ఊళ్లలో మత్తు డాక్టరు ఒక నర్సింగ్ హోమ్ నుంచి ఇంకో నర్సింగ్ హోమ్‌కు తిరుగుతూ ఉంటారు. ఆయన పొరపాటును సర్జన్ పాలసీ మోయదు, ఆయన పాలసీయో, ఆసుపత్రి పేరు మీద ఉన్న పాలసీయో మోయాలి. అందుకే ఫిర్యాదులో సర్జన్, మత్తు డాక్టరు, ఆసుపత్రి ముగ్గురూ ఉండాలి. తమ దగ్గర పనిచేసిన డాక్టర్ల పొరపాటుకు ఆసుపత్రి కూడా బాధ్యత వహించాల్సిందే.

కేసు ఎక్కడ? కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఆపరేషన్ కర్నూలులో అయినా, తిరుపతిలో అయినా, వేలూరులో అయినా మీరు కడపకు వెళితే చాలు. ఇప్పుడు లెక్క మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, మీరు ఆసుపత్రికి కట్టిన బిల్లును బట్టి. బిల్లు 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషనే. 5 లక్షల లోపయితే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపించాలి.

గెలవాలంటే ఏం రుజువు చేయాలి? ఆపరేషన్ తర్వాత కష్టం వచ్చినంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదు. గర్భసంచి తీసేటప్పుడు మూత్రాశయానికి దెబ్బ తగలడం నిపుణుల చేతుల్లోనూ అరుదుగా జరుగుతుంది. కమిషన్ చూసేది వేరు: ఆ ముప్పు ముందుగా చెప్పారా, దెబ్బ తగిలితే గుర్తించారా, గుర్తించాక సకాలంలో సరిచేశారా లేక పెద్దాసుపత్రికి పంపారా? ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన హైదరాబాదు కేసే. మలేరియా విభాగంలో పనిచేసే ఒక ఉద్యోగి, చలిజ్వరంతో ఉన్న భార్యను ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ టైఫాయిడ్‌కు మందులిచ్చారు, ఆమె దక్కలేదు. జిల్లా ఫోరం 2 లక్షల పరిహారం ఇస్తే పైరెండు కమిషన్లూ కొట్టేశాయి. సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. వకీలు దగ్గర 'కిషన్‌రావు కేసు' అంటే చాలు, తెలుస్తుంది.

పులివెందుల వైపు నుంచి: "మా నాయన ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటు ఆసుపత్రిలో చేయించినాం. పైసా కట్టలేదు. ఉచితంగా చేయించుకున్నోళ్లకు హక్కు ఉంటాదా? మా చెల్లెలికి సర్కారు ఆసుపత్రిలో కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ అయినాక మళ్లీ కడుపొచ్చింది. దాని సంగతేంది?"

మొదటిదానికి జవాబు, ఉంటుంది. వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు తేల్చింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుంటూ పేదలకు ఉచితంగా చేసే ఆసుపత్రిలో, ఉచితంగా చేయించుకున్న రోగి కూడా వినియోగదారుడే. రోగి బదులు బీమా కంపెనీ డబ్బు కట్టినా అది డబ్బిచ్చి పొందిన సేవేనని ఆ తీర్పే చెప్పింది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలుస్తున్న ఆరోగ్యశ్రీ పథకంలోనూ ఆసుపత్రికి ప్రభుత్వం తరఫున డబ్బు అందుతుంది. మీ నాయన దానం పుచ్చుకోలేదు. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ఆసుపత్రి మాత్రం ఈ చట్టం బయట ఉంటుంది, చీటీ కోసం కట్టే నామమాత్రపు రుసుము లెక్కలోకి రాదు.

అలాగని సర్కారు ఆసుపత్రికి బాధ్యత లేదని కాదు. 1963లో ఔరంగాబాదు ప్రభుత్వాసుపత్రిలో కు.ని. ఆపరేషన్ చేసి కడుపులో తువ్వాలు మరిచిపోయారు, ఆ తల్లి చనిపోయింది. ప్రభుత్వమే పరిహారం కట్టాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దారి సివిల్ కోర్టు.

మీ చెల్లెలి విషయంలో కోర్టు దాకా పోకముందే ఇంకో తలుపు ఉంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు కేంద్ర ప్రభుత్వం 2005లో బీమా పథకం తెచ్చింది, 2013 నుంచి 'ఫ్యామిలీ ప్లానింగ్ ఇండెమ్నిటీ స్కీమ్' పేరుతో నడుస్తోంది. ఆపరేషన్ విఫలమైతే 60,000 రూపాయలు, దానివల్ల ఇతర ఇబ్బందులు వస్తే చికిత్సకు 50,000 వరకు. ఆసుపత్రిలో గానీ, ఇంటికొచ్చిన 7 రోజుల్లో గానీ ఆపరేషన్ వల్ల ప్రాణం పోతే 4 లక్షలు, 8 నుంచి 30 రోజుల మధ్య అయితే లక్ష. ఇక్కడ డాక్టరు తప్పు చేశారని రుజువు చేయనక్కర్లేదు. డాక్టరు మీద కేసు పడితే ఆయనకూ ఒక్కో కేసుకు 2 లక్షల వరకు రక్షణ ఇదే పథకంలో ఉంది. గడువు 90 రోజులే. నెల తప్పిందని తెలియగానే అదే ఆసుపత్రికి వెళ్లి రాయించుకోండి. ఆపరేషన్ ధ్రువపత్రం, సంతకం చేసిన అంగీకార పత్రం నకలు, గర్భం ఉందన్న పరీక్ష రిపోర్టు తీసుకుని అక్కడైనా, కడపలో జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయంలోనైనా క్లెయిమ్ పెట్టండి. ఈ డబ్బు ఎవరి దయా కాదు, అడక్కపోతే మాత్రం రాదు.

ప్రొద్దుటూరు వైపు నుంచి: "చిన్న ఆసుపత్రి నడుపుతున్నాను. ఆపరేషన్ చేసిన రోగి చనిపోయాడు. 5 లక్షలు ఇచ్చి పంపేయమని పెద్దమనుషులు చెబుతున్నారు. ఇస్తే కంపెనీ నాకు తిరిగి ఇస్తుందా?"

చాలావరకు ఇవ్వదు. పైన చెప్పిన షరతే కారణం. మీరు చేయాల్సిన మొదటి పని, జరిగింది జరిగినట్టు కంపెనీకి వెంటనే రాతపూర్వకంగా తెలపడం. నోటీసు వచ్చాక చూద్దామని ఊరుకుంటే ఆలస్యమే ఇంకో సాకు అవుతుంది. కేస్ షీటులో ఒక్క అక్షరం కూడా దిద్దకండి. మత్తులో ఉండి చేసిన వైద్యం, నేరపూరితమైన పని, కోర్టు వేసే జరిమానా, ఇవేవీ పాలసీ మోయదు. అందానికి చేసే ఆపరేషన్లను చాలా పాలసీలు మినహాయిస్తాయి. మీ కాగితాలు ఒకసారి తీసి చదువుకోండి.

గేటు దగ్గర గొడవ భయమా? ఆసుపత్రుల మీద, వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ల వరకు జైలు అని 2008లో మన రాష్ట్రం చట్టం చేసింది. రోగి తరఫువాళ్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి. అద్దం పగలగొట్టిన మరుక్షణం న్యాయం అడిగే మనిషి కాస్తా ముద్దాయి అవుతాడు.

రోగి తరఫున పోలీసు కేసు పెడితే? భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం డాక్టరు నిర్లక్ష్యంతో ప్రాణం పోతే రెండేళ్ల వరకు జైలు. కానీ నేరంగా నిలవాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం కావాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు స్వతంత్రంగా ఉన్న వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి, అరెస్టు మామూలు తంతుగా చేయకూడదు. పరిహారం కావలసిన కుటుంబానికి స్టేషన్ కంటే కమిషనే దగ్గర దారి. ఒక్క పనికి మాత్రం స్టేషన్ తప్పదు: చావు మీద అనుమానం ఉంటే దహనానికో, ఖననానికో ముందే రాసిచ్చి పోస్టుమార్టం చేయించాలి. దహనమైపోయాక ఎవరేం చేయలేరు.

రాజీ తప్పు కాదు. రాజీ చేసుకునే చోటు తప్పు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో ఆసుపత్రి సేవలు, బీమా సేవలు రెండూ ప్రజా సేవల జాబితాలో ఉన్నాయి. అంటే డాక్టరు, రోగి కుటుంబం, కంపెనీ ముగ్గురినీ శాశ్వత లోక్ అదాలత్ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టగలదు. కోటి రూపాయల వరకు వివాదాలు చూస్తుంది, ఫీజు లేదు. రాజీ కుదరకపోతే తనే తీర్పు చెప్పగలదు కూడా. కోర్టుకు పోకముందే ఇక్కడికి రావాలి. వినియోగదారుల కమిషన్ కూడా మధ్యవర్తిత్వానికి పంపుతుంది. అక్కడ కుదిరిన ఒప్పందం కాగితం మీద ఉంటుంది, కంపెనీ దాని ముందే కూర్చుంటుంది, మాట తప్పితే అమలు చేయించవచ్చు. గేటు దగ్గర తెగిన అంకెకు ఈ మూడూ ఉండవు.

ఆ అంకె ఎంత చిన్నదో కూడా తెలుసుకోవాలి. 1990లో హైదరాబాదు నిమ్స్‌లో 20 ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థికి ఛాతీలో కణితి తీశాక కాళ్లు పడిపోయాయి. పూర్తిగా తీసేయడానికి సరైన అనుమతి లేదని, న్యూరో సర్జన్‌ను పక్కన పెట్టుకోలేదని కోర్టు తప్పుపట్టింది. జాతీయ కమిషన్ 1999లో 15.5 లక్షలు ఇచ్చింది, సుప్రీంకోర్టు 2009లో కోటి రూపాయలు చేసింది. పంతొమ్మిదేళ్లు పట్టిన మాట నిజమే. కానీ జీవితాంతం చక్రాల కుర్చీకి, ఫిజియోథెరపీకి, పోయిన సంపాదనకు లెక్క కట్టింది కోర్టే. గేటు దగ్గర ఆ లెక్క ఎవరూ కట్టరు.

వకీలు ఫీజు గురించి బెంగ వద్దు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మీ ఊరి కోర్టులోని న్యాయ సేవా కమిటీలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

చివరికి అన్నీ వచ్చి ఆగేది కేస్ షీటు దగ్గర. రోగి గానీ, తరఫువాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతోంది. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే సరిపోదు. కేస్ షీటు, ఆపరేషన్ నోట్సు, మత్తు రికార్డు, నర్సుల చార్టు, అంగీకార పత్రం, బిల్లులు అన్నీ అడగండి.

ఆ రాత్రి గేటు దగ్గర ఎవరైనా తెల్లకాగితం, పెన్ను మీ చేతిలో పెడితే కాదనకండి, తీసుకోండి. దాని మీద ఇలా రాయండి: "మా మనిషి వైద్య రికార్డుల నకళ్లు మొత్తం ఇప్పించండి." తేదీ, టైము వేసి సంతకం పెట్టి, లోపల కౌంటర్లో ఇచ్చి, ఇంకో ప్రతి మీద ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే పొద్దున్నే రిజిస్టర్డు పోస్టులో పంపండి. 72 గంటల లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది.