బందరు: పేరులోనే పారసీకం ఉన్న మన రేవు

కువైట్ బడుల్లో చదువుకునే మన పిల్లల తరగతిలో బందర్ అనే పేరుగల సహాధ్యాయి తరచూ కనిపిస్తాడు. ఇక్కడ అది మగపిల్లలకు పెట్టే పేరు. పారసీ భాషలో బందర్ అంటే ఓడరేవు. మనకు ఎదురుగా గల్ఫ్ అవతలి ఒడ్డున బందర్ అబ్బాస్, బందర్ బుషెహ్ర్ అనే రేవులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మాటే మన కృష్ణా జిల్లా ముఖ్యపట్టణానికీ పేరైంది. కాగితాల మీద మచిలీపట్నం, నోటి మాటలో బందరు. బందరు లడ్డు అంటాం గాని మచిలీపట్నం లడ్డు అని ఎవరూ అనరు కదా! ఆ లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

మన సభ్య కుటుంబాల్లో చాలామంది వేసవి సెలవుల్లో విజయవాడ దుర్గమ్మ దర్శనం చేసుకుని వెనక్కి తిరుగుతారు. అక్కడి నుంచి ఇంకో 70 కిలోమీటర్లు వెళితే బందరు. గల్ఫ్‌కు రావడమంటే మన తరంతో, మహా అయితే మన ముందు తరంతో మొదలైన పని అని పిల్లలు అనుకుంటారు. ఈ నీళ్ల మీద మన సరుకు, మన ఓడలు నాలుగు వందల ఏళ్ల కిందటే తిరిగాయని వాళ్లకు తెలియాలంటే బందరు కథ చెప్పాలి. ఈ సంచికలో పాఠం అదే.

మచిలీపట్నం కంటే ముందు

కృష్ణ సముద్రంలో కలిసేచోటు వేల ఏళ్లుగా వ్యాపారుల ఎరుకలో ఉంది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన ఎర్రసముద్ర యాత్రా గ్రంథం పెరిప్లస్‌లో ఈ తీరం మసాలియా పేరుతో కనిపిస్తుంది. ఇక్కడ సన్నని నూలు వస్త్రం విస్తారంగా తయారవుతుందని అందులో ఉంది. రెండో శతాబ్దపు భూగోళ శాస్త్రవేత్త టాలెమీ మైసోలియా అన్నాడు. కంటకొస్సుల అనే వర్తక కేంద్రాన్నీ పేర్కొన్నాడు. అదే నేటి ఘంటసాల. బందరుకు పడమట ఉన్న ఆ ఊళ్లో బౌద్ధ స్తూపం బయటపడింది.

తరవాతి కాలపు విషయం ఒకటి కాస్త ఆగి చదవాలి. ఇది బందరుది కాదు, అదే తీరాన దక్షిణంగా ఉన్న మోటుపల్లి రేవుది. 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు అక్కడ ఒక శాసనం వేయించాడు. చరిత్రకారులు దాన్ని అభయ శాసనం అంటారు. ఆ రోజుల్లో గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలోని సరుకంతా స్థానిక రాజుదే. పోయిన ప్రాణాలు పోగా, బతికినవాడి చేతిలో చిల్లిగవ్వ మిగిలేది కాదు. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని ఎత్తివేశాడు. సముద్రం మీద ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకుల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని రాతి మీద మాట ఇచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పయ్యో వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, పగడాలు, పట్టు, మిరియాలు ఇలా ఏ సరుకుకు ఎంతో కూడా అందులో చెక్కించాడు.

గుళ్లో స్వామివారి అభయహస్తం చూపించి, భయపడకు అని దాని అర్థమని పిల్లలకు చెబుతుంటాం. ఒక రాజు అదే మాటను పరదేశి వర్తకుడికి ఇచ్చాడన్నది ఆ పాఠానికి మంచి జోడింపు. పరాయి దేశంలో పని చేసుకునే మనకు ఈ శాసనం విలువ వేరే చెప్పనక్కర్లేదు. నిలిచిపోయిన జీతం, యజమాని దగ్గర ఉండిపోయిన పాస్‌పోర్టు, వీటి సంగతి విన్నవాళ్లందరికీ రాతపూర్వకమైన భరోసా అంటే ఏమిటో తెలుసు.

గోల్కొండ వాకిలి

16వ శతాబ్దంలో ఈ తీరం గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. సముద్రం లేని గోల్కొండకు బందరే వాకిలి. హైదరాబాదు నుంచి సూర్యాపేట, విజయవాడ మీదుగా బందరు చేరే నేటి 65వ నంబరు జాతీయ రహదారి దాదాపుగా ఆ పాత వర్తకపు బాటనే అనుసరిస్తుంది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన వజ్రాలు, పల్లెల్లో నేసి అద్దకం వేసిన బట్టలు ఈ రేవు ద్వారా బయటి లోకం చూశాయి. ఒకవైపు పెగూ, అరకాన్, ఆచే. మరోవైపు సింహళాన్ని చుట్టి బందర్ అబ్బాస్, ఎర్రసముద్రంలోని మొఖా.

పారసీకులు ఇక్కడికి ఎంతగా వచ్చారో చెప్పడానికి మీర్ జుమ్లా ఒక్కడు చాలు. ఇస్ఫహాన్ దగ్గరి అర్దిస్తాన్‌లో పుట్టి, బతుకుతెరువు కోసం గోల్కొండ చేరి, వజ్రాల వ్యాపారంలో సంపాదించి, బందరుకు అధికారియై, సొంత ఓడలు నడిపి, చివరికి రాజ్యానికే ప్రధాని అయ్యాడు. అంటే ఆ కాలంలో ఉద్యోగం కోసం సముద్రం దాటిన వలస అటునుంచి ఇటు సాగింది! మన ఊళ్లే అప్పుడు వాళ్లకు గల్ఫ్.

ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే 1652 మే నెలలో బందర్ అబ్బాస్‌లో ఓడ ఎక్కి జూలై మొదట్లో బందరులో దిగాడు. ఆ ఓడ ఏ ఐరోపా కంపెనీదో కాదు, స్వయంగా గోల్కొండ రాజుది. ఏటా అది మన బట్టలు నింపుకుని పారసీకానికి వెళ్లేది. తిరుగు ప్రయాణంలో పారసీ, ఆర్మీనియా వర్తకులతో పాటు గుర్రాలు కూడా అందులో వచ్చాయి. ఊళ్లోని కొయ్య ఇళ్లు ఆయనకు నచ్చలేదు. ఓడలు నిలిపేందుకు మాత్రం బంగాళాఖాతంలో ఇంత మంచిచోటు లేదని మెచ్చుకున్నాడు.

ఇంకో సంగతి. కుర్చీ, తారీఖు, హాజరు, అసలు, వసూలు. ఈ మాటలు అమ్మమ్మ తెలుగులోనివే. బడిలో అరబీ నేర్చుకునే పిల్లలు వీటిని ఇట్టే గుర్తుపడతారు. మన నోట ఇవి పడడంలో గోల్కొండ దివాణానికీ ఇలాంటి రేవులకూ పెద్ద వాటా ఉంది.

వలందాలు, పరాసులు, ఇంగ్లీషులు

డచ్చివారు 1605లో బందరు వచ్చి, మరుసటి ఏడే గిడ్డంగి పెట్టుకున్నారు. ఇంగ్లీషు కంపెనీ ఓడ గ్లోబ్ 1611లో వచ్చింది. తూర్పు తీరంలో ఇంగ్లీషువారికి మొదటి స్థావరం ఇదే. మద్రాసు పుట్టింది ఆ తరవాత, 1639లో. ఫ్రెంచివారికి 1669లో గోల్కొండ అనుమతి దొరికింది. తెలుగువాళ్లు డచ్చివారిని వలందాలనీ, ఫ్రెంచివారిని పరాసులనీ అన్నారు. నేటికీ బందరులో వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం ఉన్నాయి. ఆటో ఎక్కి పేరు చెబితే చాలు, మూడు దేశాల చరిత్ర ఒక్క పూటలో తిరిగి రావచ్చు.

చూడవలసినవాటిలో నేను మొదట చెప్పేది డచ్చి సమాధుల తోట. పురావస్తు శాఖ రక్షణలో ఉంది. పెద్ద పెద్ద రాతి పలకల మీద వంశ చిహ్నాలు, ఉబ్బెత్తు అక్షరాలు చెక్కి ఉంటాయి. 17వ శతాబ్దం నాటివి. అక్షరాల నగిషీ చూడండి, తేదీలు చదవండి. ఎన్నో వేల మైళ్ల దూరం నుంచి ఉద్యోగానికి వచ్చి, తిరిగి వెళ్లలేక ఇక్కడే మట్టిలో కలిసినవాళ్లు వీరు. బందరుకోటలో మిగిలినవి కొన్ని శిథిల భవనాలే. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ ఈ కోటను ఫ్రెంచివారి నుంచి రాత్రిపూట దాడి చేసి పట్టుకున్నాడు. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివారి పలుకుబడి దాంతో ముగిసింది.

రేవుగా బందరు క్షీణించడానికి కారణం ఒక్కటి కాదు. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించడంతో వెనక ఉన్న రాజ్యమే పోయింది. మద్రాసు, కలకత్తా పెరిగాయి. తీరం మేట వేసింది. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే సరుకు పడవల్లో ఒడ్డుకు చేర్చవలసి వచ్చేది. ఇక 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. ఊరు మళ్లీ ఆ పాత స్థాయికి చేరలేదు. 1977 నవంబరు 19న పక్కనున్న దివిసీమను ముంచిన ఉప్పెన మన పెద్దల జ్ఞాపకంలోనే ఉంది. కొత్త రేవు పనులు 2023 మేలో మొదలయ్యాయి.

కలంకారీ: ఇప్పుడు పోతున్నది ఇదే

కలం అంటే పేనా, కారీ అంటే పని. రెండూ పారసీ నుంచి వచ్చినవే. శ్రీకాళహస్తిలో కలంతో రామాయణ, భారత ఘట్టాలు గుడ్డ మీద గీస్తారు. బందరు పద్ధతి వేరు. చెక్క అచ్చులతో అద్దుతారు. పారసీక కొనుగోలుదారుల అభిరుచికి తగ్గట్టు ఇక్కడ జీవవృక్షం, సరుగుడును పోలిన సన్నని చెట్టు, తీగలు, మిహ్రాబ్ ఆకారం అచ్చుల్లోకి వచ్చాయి. ఇస్ఫహాన్‌లో ఇప్పటికీ ఇలాంటి అద్దకాన్ని ఖలంకార్ అంటారు. రెండూ పక్కపక్కన పెడితే చుట్టాలని తెలిసిపోతుంది.

నేడు ఈ పని ఎక్కువగా బందరు పక్కనున్న పెడనలో జరుగుతోంది. ఉతికిన గుడ్డను కరక్కాయ రసం, గేదెపాలు కలిపి నానబెడతారు; పాలలోని జిడ్డు వల్ల రంగు పాకదు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో ఊరవేసి నలుపు తీస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక అద్ది, వేళ్లతో చేసిన రంగులో ఉడకబెడతారు. ఒకప్పుడు ఈ ఎరుపుకు నిజాంపట్నం వైపు పండే చిరివేరు పెట్టింది పేరు. నీలి మందుతో నీలం. ప్రతి దశ తరవాతా పారే నీటిలో ఉతకాలి. అందుకే కాలవ పక్క ఊరు కావాలి, ఎండా కావాలి, నెలల ఓపికా కావాలి.

ఇప్పుడు సమస్య ఎక్కడుందంటే, అదే డిజైనును స్క్రీన్ ప్రింటింగుతో రసాయన రంగుల్లో ఒక్క పూటలో వేసి కలంకారీ పేరుతోనే అమ్ముతున్నారు. మన పండగలకూ, వాలంటీర్ల చీరలకూ మూకుమ్మడిగా ఆర్డరు ఇచ్చేటప్పుడు మనం అడిగేది ధర ఒక్కటే. అచ్చు చెక్కే పనివాడు పిల్లల్ని వేరే పనికి పంపేది అందుకే. నా మాటగా చెబుతున్నాను, ఇకపై ఆర్డరు ఇచ్చేముందు రెండు ప్రశ్నలు అడగండి: అచ్చు అద్దకమా, స్క్రీనా? రంగు చెట్టుదా, డబ్బాదా? నిజమైనది వంద తీసుకోలేకపోతే పాతిక తీసుకుందాం.

చుట్టుపక్కల

బందరు పట్నంలోనే కోపల్లె హనుమంతరావు గారు 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. జాతీయ జెండాకు రూపమిచ్చిన పింగళి వెంకయ్య గారు అక్కడ పాఠాలు చెప్పారు. ఆయన ఊరు భట్లపెనుమర్రు దగ్గర్లోదే. పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆంధ్రా బ్యాంకును ప్రారంభించింది ఇక్కడే. మనలో ఎందరో కువైట్ నుంచి ఇంటికి పంపిన డబ్బు ఆ బ్యాంకు ఖాతాల్లోనే పడింది.

శ్రీకాకుళం అనగానే ఉత్తరాంధ్ర గుర్తొస్తుంది గాని, కృష్ణ ఒడ్డునా ఒక శ్రీకాకుళం ఉంది. ఆంధ్ర మహావిష్ణువు కొలువైన ఆ క్షేత్రంలోనే స్వామి శ్రీకృష్ణదేవరాయలకు కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్నాడు. కూచిపూడి కూడా ఈ చుట్టుపక్కలదే. బందరుకు వెళుతూ దారిలో ప్రదర్శన చూసి మెచ్చిన తానీషా ఆ ఊరిని కళాకారులకు అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు. రామదాసు కథలోని తానీషానే ఈయన.

ఒక్క రోజే ఉంటే ఇలా చేయవచ్చు. ఉదయం విజయవాడ నుంచి బయలుదేరి ముందు పెడనలో అద్దకం చూడండి. ఎండలో గుడ్డలు ఆరేసే వేళ బాగుంటుంది. తరవాత డచ్చి సమాధులు, బందరుకోట. మధ్యాహ్నం భోజనం అయ్యాక మంగినపూడి సముద్రతీరం. అక్కడ దత్తరామేశ్వర క్షేత్రంలో పన్నెండు బావులున్నాయి. సాయంత్రం చిలకలపూడి. భక్త నరసింహం గారి కృషితో 1929లో వెలసిన పాండురంగస్వామి ఆలయం అక్కడుంది. కార్తీకంలో అయితే జనం ఎక్కువ, కాస్త ముందుగా వెళ్లండి. బయటికి వచ్చాక ఆడవాళ్లు రోల్డుగోల్డు దుకాణాల దగ్గర ఆగుతారు. చిలకలపూడి నగలకు అంత పేరు, దానికో గంట వదిలేయండి.

పిల్లలకు ఇంటిపని: పటంలో బందర్ అబ్బాస్ నుంచి సింహళం చుట్టూ మచిలీపట్నం దాకా గీత గీయండి. టావెర్నియేకు దాదాపు ఏడు వారాలు పట్టింది. కువైట్ నుంచి హైదరాబాదు విమానానికి ఎన్ని గంటలో మీ టికెట్టులో చూసి పక్కన రాయండి.