రెండు గడియారాల నడుమ

దూరాన్ని కాలంతో కొలవడం తెలుగువారికి కొత్త కాదు. క్రోసు, ఆమడ అనే కొలతలతోపాటు ‘మజిలీ’ అనే మాట కూడ వాడుకలో ఉండేది. బాటసారి ఆనాటి నడక చాలించి దిగిన చోటే మజిలీ. 1830లో చెన్నపట్టణం నుండి బయలుదేరి హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్ళిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రను మజిలీల వరుసలోనే వ్రాశాడు. విమానం మజిలీలను తుడిచివేసింది. లెక్కను మాత్రం సులభం చేయలేదు.

లెక్కలకు పుట్టినిల్లు బేగంబజార్. నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో, మూసీకి ఉత్తరపుటొడ్డున ఇది వెలసిందని చెబుతారు. ఇత్తడి పాత్రలు, సుగంధద్రవ్యాలు టోకుగా అమ్ముడయ్యే ఈ వీధులలో గల్ఫు ఖర్జూరం పరిచితమైన సరుకు. ఓడనెక్కిన ఖర్జూరానికి రోజులు పడుతుంది. దానిని అమ్మే వర్తకుడు దుబాయికి ఒక్క పూటలో చేరుతాడు. ఆ పూట ఎంత?

హైదరాబాదు, దుబాయి విమానాశ్రయాల నడుమ ఆకాశమార్గం సుమారు 2,550 కిలోమీటర్లు. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే మూడు గంటలే రావాలి. కాని నేలమీది నడక, పైకెగరడం, దిగడం కలిసి పోయేటప్పుడు దాదాపు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర గంటలు పడుతుంది. ఈ తేడాకు కారణం గాలి. శీతకాలంలో పది కిలోమీటర్ల ఎత్తున పడమటినుండి వీచే బలమైన గాలి పోయే విమానానికి ఎదురై, వచ్చే విమానాన్ని వెనుకనుండి తోస్తుంది. వానకాలంలో దక్షిణభారతంపై తూర్పుగాలులు వీచేటప్పుడు ఈ భేదం తగ్గుతుంది.

గడియారం మరొక చిక్కు పెడుతుంది. భారతదేశానికి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం, దుబాయికి 60 డిగ్రీల రేఖాంశం ప్రమాణం. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 22½ డిగ్రీలకు తొంభై నిమిషాలు. అందువల్ల ఉదయం పది గంటలకు ఇక్కడ బయలుదేరినవాడు అక్కడ పన్నెండున్నరకే దిగుతాడు. అక్కడ పదికి బయలుదేరినవాడు ఇక్కడ మూడింటికి దిగుతాడు. ఒకవైపు రెండున్నర గంటలు, మరొకవైపు అయిదు! రెండూ గడియారం చెప్పిన నిజాలే, రెండూ ప్రయాణకాలాలు కావు.

వర్తకుడు అంగడి గుమ్మం నుండి లెక్కిస్తాడు. 2008 మార్చిలో విమానాల రాకపోకలు బేగంపేట నుండి శంషాబాదుకు మారిన తరువాత అతనికి దారి ఇరవై కిలోమీటర్లు దాటింది. విదేశయానానికి మూడు గంటల ముందే చేరాలి. దిగిన తరువాత తనిఖీలు, సామాను. అన్నీ కలిస్తే పది గంటలు. ఆకాశంలో గడిచేది అందులో సగం కూడ లేదు.

కరీంనగర్ నుండి కూలికి పోయే యువకునికి ఈ లెక్క కూడ చాలదు. ఊరినుండి హైదరాబాదుకు బస్సులోనే నాలుగు గంటలు, అంటే విమానంలో పట్టినంత కాలం. తిరుగు ప్రయాణం గంటలలో తేలదు. సెలవు దొరకాలి, టికెట్టుకు డబ్బు చేరాలి. అంతవరకు ఇంట్లో తల్లి తొంభై నిమిషాల తేడానొక్కటే గుర్తుపెట్టుకొంటుంది. అక్కడ తొమ్మిదింటికి పని విడిచిన కొడుకు ఫోను చేసేసరికి ఇక్కడ పదిన్నర. ఊరంతా నిద్రించినా, ఆమె మేలుకొనే ఉంటుంది.