ప్రాథమిక పాఠశాల ఫలితములు: సగటు అంకె వెనుక పిల్లలు

గత విద్యాసంవత్సరములో మా తెలుగు తరగతి విద్యార్థులు కొందరిని వెంటబెట్టుకొని మేము ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు వెళ్ళినాము. అక్కడ ఉర్దూ, తెలుగు మాధ్యమములు రెండును ఉన్నవి. నాలుగవ తరగతి పిల్లలచేత రెండవ తరగతి వాచకములోని ఒక పుటను చదివించి చూడగా సగముమందికి పైగా తడబడినారు. వీధిలోకి రాగానే మా విద్యార్థి ఒకడు, "ఈ బడిలో చదువు చెప్పడం లేదు సార్" అని తేల్చివేసినాడు. ఆ తీర్పు తొందరపాటుగా మాకు తోచినది. అయితే ఎందువలన తొందరపాటో అప్పటికప్పుడు చెప్పలేకపోయినాము. ఇప్పుడు చెప్ప ప్రయత్నిస్తున్నాము.

ముందుగా ఒక లెక్క చూతము. ఇది ఊహించుకొన్న లెక్క. ఏ బడికీ సంబంధించినది కాదు. రెండు బడులు, ఒక్కొక్కదానిలో నాలుగవ తరగతిలో 40 మంది. మొదటి బడిలో 30 మంది చదువుకొన్న ఇండ్లనుండి వచ్చినవారు. 10 మంది తమ ఇంటిలో తొలిసారిగా పలక పట్టినవారు. ఆ 30 మందిలో 24 మంది, ఈ 10 మందిలో నలుగురు తడబడక చదువగలరు. మొత్తము 28, అనగా నూటికి 70. రెండవ బడిలో చదువుకొన్న ఇండ్ల పిల్లలు 10 మందే. వారిలో తొమ్మిదిమంది చదువగలరు. తొలితరము వారు 30 మంది. వారిలో 15 మంది చదువగలరు. మొత్తము 24, అనగా నూటికి 60. లోకమునకు వినిపించేవి 70, 60 అనే అంకెలే. కాని విడదీసి చూడండి. చదువుకొన్న ఇండ్ల పిల్లల విషయములో మొదటి బడికి 80, రెండవదానికి 90. తొలితరము పిల్లల విషయములో మొదటిదానికి 40, రెండవదానికి 50. రెండు వర్గములలోను రెండవ బడియే మెరుగు. మొత్తములో మాత్రము అదియే వెనుకబడినది! గణాంకశాస్త్రము చదివినవారు దీనిని సింప్సన్ వైరుధ్యము అంటారు. పేరు ఏదైనా, ఆ అంకెను చూచి రెండవ బడినుండి పిల్లలను మాన్పించే తల్లిదండ్రులు మెరుగైన ఉపాధ్యాయుని విడిచి పోతున్నారు.

ఈ విషయము పెద్దయెత్తున చర్చకు వచ్చినది అమెరికాలో. 1964 నాటి పౌరహక్కుల చట్టము ఆదేశించిన మేరకు జేమ్స్ కోల్‌మన్ అనే సాంఘికశాస్త్రవేత్త నాయకత్వమున సుమారు 4,000 పాఠశాలలలో, ఇంచుమించు ఆరు లక్షల విద్యార్థులను పరిశీలించి 1966లో నివేదిక వెలువరించినారు. భవనములు, గ్రంథాలయములు, తలసరి వ్యయము వీటన్నిటికంటె పిల్లవాని కుటుంబ పరిస్థితియే అతని మార్కులతో గట్టిగా ముడిపడి ఉన్నదని తేలినది. తోడి విద్యార్థులు ఎటువంటి ఇండ్లవారన్నది కూడా ప్రభావము చూపినది. కొందరు దీనిని పట్టుకొని "బడివలన ఒరిగేది లేదు" అన్నారు. అది సగము చదివినవారి మాట. బడి మంచిచెడ్డల ప్రభావము వెనుకబడిన మైనారిటీ పిల్లలపై అధికముగా ఉంటుందని అదే నివేదిక చెప్పినది. ఇంటిలో దీపము లేనివానికి వీధిదీపము అవసరము ఎక్కువ కదా. కనుక "మా పిల్లలు బీదవారు, ఏమి చేయగలము" అని చేతులు ముడుచుకొనే ఉపాధ్యాయునికి కోల్‌మన్ ఆధారము కాడు.

మరి బడి పనిని కొలిచేది ఎట్లా? దీనికి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక మంచి ఉదాహరణ ఉన్నది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2005లో ఐదు జిల్లాలలోని గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో ఒక ప్రయోగము ఆరంభించినారు. కొన్ని బడుల ఉపాధ్యాయులకు పిల్లల ఫలితములనుబట్టి నగదు బహుమతి ఏర్పాటు చేసినారు. అయితే లెక్కించినది పిల్లలు ఎక్కడ ఉన్నారన్నది కాదు, మొదటి పరీక్షకును చివరి పరీక్షకును నడుమ ఎంత ముందుకు నడిచినారన్నది. మొదటి పరీక్షకు వచ్చి చివరి పరీక్షకు రాని పిల్లలను కూడా లెక్కలోనుండి తీసివేయలేదు. కాబట్టి మందమతులని ముద్రపడినవారిని పరీక్షనాడు ఇంటికి పంపివేయుటలో లాభము లేకపోయినది. రెండేండ్లకు ఆ బడుల పిల్లలు గణితములోను, భాషలోను మిగిలిన బడులవారికంటె ముందంజ వేసినారు. నగదు బహుమతి మంచిదా కాదా అన్నది వేరు చర్చ. మాకు అందులో కొంత సందేహమే. కొలిచిన పద్ధతి మాత్రము మనము నేర్చుకోదగినది.

ఇక పిల్లలు ఎవరన్న ప్రశ్న. బడి రిజిస్టరులో సాంఘికవర్గమునకు ఒక గడి ఉంటుంది. దూదేకులవారు బి.సి.–బి జాబితాలో ఉన్నారు. మరికొన్ని ముస్లిం వర్గములు 2007లో ఏర్పడిన బి.సి.–ఇ లోనికి వచ్చినవి. సయ్యదులు, పఠానులు అందులో లేరు. ఇన్ని గడులు నింపినా పిల్లవాడు తల్లితో ఏ భాషలో మాట్లాడుతాడో తెలియదు. దూదేకుల ఇండ్లలో మాట్లాడేది సాధారణముగా తెలుగే. ప్రక్క బెంచీ పిల్లవాని ఇంటిలో దక్కనీ. ఆ దక్కనీకి వాచకములోని ఉర్దూ దూరము, తెలుగు మరింత దూరము. ఇద్దరినీ "ముస్లిం" అనే ఒకే గడిలో కూర్చి సగటు తీస్తే ఆ సగటు ఎవరిది? ప్రాథమిక దశలో భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధించే సౌకర్యము కల్పించవలెనని రాజ్యాంగములోని 350–ఎ అధికరణము 1956 నుండి చెబుతున్నది. మాతృభాష ఏదో వ్రాసుకోనిదే సౌకర్యము ఎవరికి కల్పించగలము?

హాజరుపట్టీలో అసలు లేనివారి మాట మరొకటి. 2006 నాటి సచార్ సంఘ నివేదిక ప్రకారము 6–14 ఏండ్ల ముస్లిం పిల్లలలో నాలుగవవంతు మంది బడి ముఖము చూడనివారో, మధ్యలో మానినవారో. వారు ఏ సగటులోను లేరు. ఒక ప్రధానోపాధ్యాయురాలు బస్తీ తిరిగి, మెకానిక్ షెడ్డునుండి ముగ్గురిని, బీడీలు చుట్టే ఇంటినుండి ఇద్దరిని తెచ్చి కూర్చోబెట్టినదనుకొనండి. ఆ ఏడు ఆమె బడి సగటు పడిపోతుంది. ఆమె చేసిన మంచిపనియే ఆమెకు నిందగా వ్రాయబడుతుంది. తరగతిలో 20 మందియే ఉన్నచోట ఒక్క పిల్లవాడు నూటికి ఐదు వంతులు కదా!

మా కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. మన ప్రవేశ దరఖాస్తులోను మతము, కులము అడుగుతున్నాము. ఇంటి భాషను, తల్లి చదువును అడుగుటలేదు. రెండు గడులు చేర్చుటకు ఖర్చు లేదు. అవి ఉంటే మొదటి సంవత్సరము తెలుగులో తప్పినవారు ఎవరో, ఎందుకు తప్పినారో మేము వేసవిలోనే చూచుకొనగలము.

మేము వెళ్ళిన ఆ బడి ప్రధానోపాధ్యాయురాలు మరల రమ్మన్నారు. నాడు చదివిన పిల్లలు ఇప్పుడు ఐదవ తరగతిలో ఉన్నారు. సంక్రాంతి సెలవుల తరువాత అదే పుటను వారిచేత మరల చదివిస్తాము. ఈసారి మా విద్యార్థులు తీసుకొనిపోయే కాగితముమీద పిల్లవాని పేరు ప్రక్కన నాలుగు గడులు గీసినాము: ఇంటి భాష, తల్లి చదువు, బడిలో చేరిన తేదీ, నిరుడు ఎన్ని పంక్తులు చదివినాడన్నది. "చదువు చెప్పడం లేదు" అన్న విద్యార్థియే ఆ గడులు గీసినాడు.