లారీ ఇంజను పెట్టెకు రబ్బరు మెత్త

మన నెల్లూరు తీరమున ముత్తుకూరు, ఇందుకూరుపేట ప్రాంతముల చెరువుల రొయ్యలు మంచులో లారీల మీద పోవును. లారీ దారిలో నిలిచినచో సరకు చెడి రైతు నష్టపోవును. అందుకు ఒక్కొక్కప్పుడు చిన్న రబ్బరు మెత్తయే కారణము కావచ్చును.

2020 ఏప్రిల్ 1న అమలైన భారత్ స్టేజి 6 నియమముల ప్రకారము వచ్చిన డీజిలు లారీలలో ఇంధనపు పాళ్లను ఎలక్ట్రానిక్ పెట్టె నిర్ణయించును. కొన్నింట ఈ పెట్టెను ఇంజనుకే బిగింతురు. ఆరు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 1500 చుట్లు తిరిగినపుడు సెకనుకు 75 మారులు ఇంధనము మండును. ఆ అదురు నేరుగా తగిలినచో పెట్టెలోని సన్నని టంకపు అతుకులు పగులును. కావుననే నడుమ రబ్బరు మెత్తల నుంతురు.

వేడికి రబ్బరు గట్టిపడి పగులును; నూనె తగిలి ఉబ్బును. రబ్బరు గుండా విద్యుత్తు పారదు గనుక పెట్టెకు వేరుగా ఎర్తు తీగ కావలెను. ఉప్పుగాలికి దాని కొనలు చిలుమెక్కును.

పంచాయతీ సభ్యులారా! లారీ యజమానులకు మీరు ఈ మాటలు చెప్పవలెనని మా కోరిక. చెడిన మెత్తకు బదులు అదే రకము మెత్త వేయించవలెను. ఇనుప వాషరుతో బిగించరాదు. ఎర్తు తీగ కొనలను శుభ్రపరచవలెను. మెత్త వెల స్వల్పము, పెట్టె వెల అధికము. కొత్త పెట్టె కొనుటకు ముందు ఈ రెండును చూడవలెను.